పిలకాయల గదికి రాకెట్ మంచం ఎందుకు వద్దంటున్నానంటే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నెల్లూరు వేదాయపాళెంలో మూడో అంతస్తు ఫ్లాటు, పది బై పదకొండు గది. బాబుకి ఆరేళ్లు, పాపకి మూడు. బాబుకి రాకెట్లంటే పిచ్చి. ఇంటీరియర్ వాళ్లు రాకెట్ ఆకారం మంచం, నాలుగు గోడలకీ అంతరిక్షం వాల్‌పేపర్, చుక్కల లైట్లతో ఫాల్స్ సీలింగ్ అన్నీ కలిపి 2,40,000 రూపాయలు చెప్పారు. ఇంత పెట్టొచ్చా, రేపు పాప పెద్దదయ్యి ఇదంతా వద్దంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

పెట్టొద్దు. డబ్బులు జాస్తి అని కాదు. ఆ డబ్బులో ముప్పాతిక వంతు మళ్లీ మార్చలేని వాటిమీద పోతోంది. మంచం, గోడ, పైకప్పు మార్చడం కష్టం. పిలకాయల ఇష్టం ఆర్నెల్లకి మారిపోతుంది. ఆ ఇష్టాన్ని తీసుకెళ్లి కదలని వస్తువుకి మేకు కొట్టి బిగిస్తామా?

నా సంగతి చెప్తే గానీ నా మాట ఎంతవరకు నమ్మాలో మీకు తెలీదు. నేను మొదట బోర్డులు రాసేవాణ్ణి. ట్రంకు రోడ్డులో షాపుల పేర్లు, లారీల వెనక అక్షరాలు, ఎలక్షన్లప్పుడు గోడ రాతలు. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. అదే కుంచె పట్టుకుని ఇళ్లల్లోకొచ్చాను. పద్దెనిమిదేళ్లుగా గోడల పనే, అందులో సగం పిలకాయల గదులు. కార్పెంటర్, ఎలక్ట్రీషియన్ పక్కనే పనిచేస్తా కాబట్టి వాళ్ల తప్పులూ నాకు తెలుసు, నావీ వాళ్లకి తెలుసు.

నా తప్పొకటి ముందే చెప్పేస్తా. చాలా ఏళ్ల కిందట ఒంగోల్లో ఒక ఇంట్లో నల్లమల అడవి వేశాను. మంచి పని, ఇప్పటికీ దాని ఫొటో దాచుకున్నా. పొదలోంచి పెద్దపులి చూస్తా ఉంటుంది. కళ్లకి చీకట్లో మెరిసే రంగు వేశాను, ఎవరూ అడక్కపోయినా. మూడో రోజు ఫోను. పిల్లోడు గదిలోకే పోవట్లేదంట, వాళ్ల నాయనమ్మ పులికి టవలు కప్పిందంట. నూట ఇరవై కిలోమీటర్లు మళ్లీ బస్సెక్కి పోయి పులికి కళ్లు మూశాను. రెండు వంపు గీతలు, అంతే. పడుకున్న పులైపోయింది. అప్పట్నుంచి ఏ గదిలో బొమ్మ వేసినా రాత్రి లైటు తీసి, పిలకాయలు పడుకునే ఎత్తులో నేల మీద కూర్చుని ఒకసారి చూస్తా.

ఇప్పుడు మీ గదికొద్దాం. మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఒక్క మాట దగ్గర నేను ఆగాను. పోయినేడు మిద్దెక్కి రాకెట్ చూశాం, సంక్రాంతి సెలవుల్లో శ్రీహరికోట దారిలో పక్షుల్ని చూడ్డానికి పోయాం, పాప కారు దిగనని ఏడ్చింది అన్నారు. అమ్మా, మీ థీమ్ అదే. వాల్‌పేపర్ ఆల్బంలో ఉండే రాకెట్ ఏదో తెలుసా? నేను చూసిన మూడు ఆల్బంల్లోనూ అమెరికా వాళ్ల స్పేస్ షటిల్. అది 2011లోనే ఆగిపోయింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక రాకెట్ గది కావాలని వరసగా పిలుపులు వచ్చాయి నాకు. పోయి చూస్తే అందరూ ఎంచి పెట్టుకున్నది ఆ షటిలే. చంద్రయాన్ ఎగిరింది మనకి గాలి దారిన ఎనభై చిల్లర కిలోమీటర్ల దూరం నుంచి. మన పిలకాయలు మిద్దె మీద నుంచి కళ్లారా చూస్తారు. గోడ మీద మటుకు అమెరికాది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా లోతులేని నీళ్లు, చలికాలంలో ఆ నీళ్లల్లో ఫ్లెమింగోలు, ఎదురుగా రాకెట్లు ఎగరేసే షార్ కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి పోయింది గానీ, నెల్లూరోళ్లం ఇంకా మనదే అనుకుంటాం. బాబుకి రాకెట్, పాపకి పక్షి, రెండూ ఒకే చోట ఉన్నాయి. రెండు థీములు అక్కర్లేదు, గదిని మధ్యకి చీల్చి నీలం సగం గులాబీ సగం చెయ్యక్కర్లేదు. ఒక్క గోడ చాలు.

ఆ గోడ దక్షిణం గోడ అయితే బాగుంటుంది. నెల్లూరు నుంచి శ్రీహరికోట దక్షిణంగా, కొంచెం తూర్పుకి ఉంటుంది. మిద్దె మీద ఏ దిక్కున చూశాడో గదిలోనూ ఆ దిక్కునే రాకెట్ ఉంటే, పిల్లోడు దాన్ని బొమ్మలా చూడడు, కిటికీలా చూస్తాడు.

కొలతలు చెప్తా, మీ పెయింటర్‌కి చూపించండి. షార్ నుంచి ఎగిరే మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ పొడవు 44 మీటర్లు, ఒంటి అడ్డం 2.8 మీటర్లు, తల దగ్గర కొంచెం లావు, 3.2 మీటర్లు. ఇరవయ్యో వంతుకి తగ్గిస్తే 220 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల అడ్డం, తల 16. ఎక్స్‌ఎల్ రకంలో కింద చుట్టూ ఆరు చిన్న మోటార్లు ఉంటాయి, ఒక్కోటి మీటరు అడ్డం, అంటే గోడ మీద 5 సెంటీమీటర్లు. మీ గోడ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు అన్నారు, అంటే 290. నేల నుంచి 60 దగ్గర నీటి గీత పెట్టి అక్కడ నుంచి లేపితే ముక్కు 280 దగ్గర ఆగుతుంది. సరిగ్గా సరిపోతుంది. ఇంటర్నెట్‌లో ప్రింటు తీసి గళ్లు గీసుకుంటే చేతి పని వచ్చిన ఏ పెయింటరైనా వేస్తాడు. నిలువు గీతకి స్కేలు పెట్టొద్దనండి. నీలం పొడి రాసిన దారం పైనా కిందా బిగించి ఒక్కసారి లాగి వదిలితే గోడ మీద వెంట్రుక మందం గీత పడుతుంది. రెండు మీటర్ల పొడుగున చెయ్యి వణక్కుండా గీసేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు.

కింద, నీటి గీత దగ్గర, ఒక మనిషిని నిలబెట్టండి. అదే లెక్కన ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మీ చిటికెన వేలి కంటే ఇంకొంచెం పొడుగు. దాన్ని మీ బాబు చేతే వేయించండి. నేను చేసిన ఒక గదిలో పిల్లోడు అక్కడ వాళ్ల నాన్నని వేశాడు, లుంగీతో. లక్షల వాల్‌పేపర్ కన్నా ఆ లుంగీ బొమ్మనే వచ్చినోళ్లందరికీ చూపించుకుంటాడు.

ఇక పక్షులు. రాకెట్ దూరంగా ఉంది కాబట్టి చిన్నది, పక్షి దగ్గరగా ఉంది కాబట్టి నిలువెత్తు వెయ్యొచ్చు. పెద్ద ఫ్లెమింగో నాలుగు, నాలుగున్నర అడుగులు ఉంటుంది. పక్కనే సెంటీమీటర్ల గీతలు వేస్తే అదే ఎత్తు చూసుకునే గోడైపోతుంది. పాప ఇప్పుడు దాని రెక్క దగ్గర ఉంటుంది, తొమ్మిది పదేళ్లకి దాని తల అందుకుంటుంది. పెయింటర్లు ఇక్కడ మూడు తప్పులు చేస్తారు. ఒకటి రంగు. ఒళ్లంతా చూయింగ్ గమ్ రంగు పూస్తారు. మన పులికాట్‌కి వచ్చే పెద్ద ఫ్లెమింగో ఒళ్లు తెలుపు మీద లేత గులాబీ, రెక్కల మీదే ముదురు, రెక్క చివర ఈకలు నలుపు. ఆ రంగు కూడా అది తినే నాచు, చిన్న రొయ్యల లాంటి పురుగుల నుంచి వస్తుంది, పిల్లలు పుట్టినప్పుడు బూడిద రంగు. ఆ బూడిద రంగు పిల్లని ఒకదాన్ని పక్కన వెయ్యమనండి, మీ పాప దాన్నే ఎంచుకుంటుంది చూడండి. (అది పుట్టేది కచ్ ఉప్పు నేలల్లో, మన పులికాట్‌లో కాదు అని ఎవరైనా అంటే, గోడ మీదేగా అనండి.) రెండోది కాలు. మధ్యలో వెనక్కి మడిచినట్టు ఉండేది మోకాలు కాదు, చీలమండ. మోకాలు ఈకల్లో పైన ఉంటుంది. ముందుకి మడిచి వేస్తే కాలు విరిగిన పక్షిలా ఉంటుంది. మూడోది ముక్కు. అది తినేటప్పుడు తల తిరగేసి ముంచుతుంది. ఆ భంగిమ ఒక్కటైనా ఉంటే, చూసినోడు వేసిన బొమ్మ అని తెలుస్తుంది.

రంగుల గొడవ అయింది గదా, ఇంక అసలు గొడవకొస్తా. గోడ.

నెల్లూర్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. తుపానొస్తే జల్లు సముద్రం వైపు నుంచి, అంటే తూర్పు గోడకి అడ్డంగా కొడుతుంది. మీ కిటికీ తూర్పున ఉందన్నారు. ఆ కిటికీ కింద గోడ మీద చెయ్యి పెట్టి చూశారా? ఎక్కడైనా తెల్లటి పొడి రాలుతోందా, చౌడు పట్టినట్టు? మన దగ్గర చాలా కట్టడాలు ఉప్పు నీటి బోర్లతో కట్టినవి. ఆ ఉప్పు చెమ్మతో పాటు పైకి వచ్చి రంగుని తోసేస్తుంది. దాని మీద వాల్‌పేపర్ అంటిస్తే మొదటి వానాకాలానికి అంచులు లేస్తాయి, రెండో దానికి వెనక నల్ల బూజు. ఆయాసం వచ్చే పిల్లలున్న ఇంట్లో ఆ బూజు పక్కన పడుకోబెట్టడమంటే నాకు ఒప్పదు. వాల్‌పేపర్ ఊడదీసి బూజు కడిగిన ఇళ్లు నా లెక్కలోనే ఆరున్నాయి.

పరీక్ష సులువు. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, నాలుగంచులూ గాలి పోకుండా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు వదిలెయ్యండి. తీసినప్పుడు గోడ వైపు చెమట పట్టి ఉంటే ఆ గోడలో నీళ్లున్నట్టే. అప్పుడు ముందు బయట వైపు పగుళ్లు, కిటికీ చుట్టూ సందులు మూయించాలి, గోడ ఆరాలి, లప్పం గీకి మళ్లీ పెట్టాలి. లోపల ఎంత ఖరీదు రంగు వేసినా లాభం లేదు. కొత్త ప్లాస్టరింగ్ చేయిస్తే కనీసం 28 రోజులు ఆగాలి. బొమ్మల పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు బాగా కుదురుతాయి, వాన ఉండదు, మే ఎండ ఉండదు.

రంగు తక్కువ వాసన వచ్చే నీళ్ల ఎమల్షన్ చాలు, మరకలు తుడిస్తే పోయే రకం తీసుకోండి. లీటరు రెండు పూతలకి సుమారు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది, మీ గోడ 104. అంటే ఆకాశానికి ఒక్క లీటరు, బొమ్మలకి చిన్న డబ్బాలు. ఆకాశం లేత రంగులో పెట్టండి. తెల్లారబోయే ముందు రంగు, బూడిద కలిసిన నీలం. నాలుగు గోడలూ నల్ల నీలం చేయించుకున్న వాళ్లు అంతా అయ్యాక లైట్లు పెంచుకుంటా ఉంటారు, మళ్లీ తెలుపు చేయించాలంటే నాలుగైదు పూతలు పడుతుంది. షేడ్ కార్డులో చూసిన రంగు గోడంతా పరుచుకున్నాక రెట్టింపు ముదురుగా కనిపిస్తుంది, ఒక మెట్టు తక్కువే ఎంచండి.

ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. ఇళ్లల్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. మీ ఫ్లాటు అంతకు ముందుదైతే కిటికీ గ్రిల్లు, తలుపు మీద పాత ఎనామిల్ రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దనివ్వొద్దు. తడిపి రుద్దాలి, ఆ రోజుల్లో పిలకాయలు అమ్మమ్మోళ్లింట్లో ఉండాలి. మూడేళ్ల పిల్ల గ్రిల్లు పట్టుకుని చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది.

పైకప్పు. ఫాల్స్ సీలింగ్ ఆలోచన తీసెయ్యండి. ఆరేడు అంగుళాలు కిందకొస్తుంది, ఫ్యాను కిందకొస్తుంది, మే నెలలో ఆ గదిలో గాలి ఆడదు. చుక్కలు కావాలంటే చీకట్లో మెరిసే స్టిక్కర్లు ఉన్నాయి. చౌక రకం అరగంటకే మసకబారుతుంది, మంచి రకం గంటలు నిలబడుతుంది. పడుకునే ముందు ట్యూబులైటు కాసేపు వేసి ఉంచితే చాలు.

అయితే వాటిని చల్లినట్టు అంటించకండి. మన ఇళ్లల్లో ఉత్తరం వైపు తల పెట్టి పడుకోబెట్టం గదా. దక్షిణం గోడకి తల పెడితే పిల్లలు ఉత్తరం గోడని చూస్తా పడుకుంటారు. నెల్లూరు అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీలు, కాబట్టి ధ్రువ నక్షత్రం మనకి ఉత్తరాన అంత ఎత్తులోనే, చాలా కిందుగా ఉంటుంది. దిండు నుంచి ఉత్తరం గోడ తొమ్మిది అడుగులు అనుకుంటే, ధ్రువుడు నేల నుంచి నాలుగడుగుల పైచిలుకు ఎత్తున పడతాడు. పైకప్పు మీద కాదు, గోడ మీద! అక్కడ బీరువా ఉంటే బీరువా తలుపు మీదే అంటించండి. దాని పైన సప్తర్షులు. పిల్లలకోడి, అదే కృత్తికలు, కార్తీక మాసం నడిరేయి మన నెత్తికి దగ్గర్లో ఉంటుంది, కాబట్టి అది పైకప్పుకి, దిండుకి నేరుగా పైన కాకుండా ఒక్కడుగు ఉత్తరం వైపు జరిపి. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మిద్దెక్కిస్తే పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు, ఇది నా మంచం పైన ఉండేది అని.

మంచాలు. రెండు మామూలు మంచాలు, మూడడుగుల వెడల్పువి, దక్షిణం గోడకి తల. పడమర గోడ సాయంత్రానికి పెనంలా కాలుతుంది, దాన్నుంచి అడుగున్నర జరపండి. రెండూ పక్కపక్కన వేసినా గోడకి తూర్పు చివర మూడున్నర అడుగులు మిగులుతుంది, రాకెట్టూ పక్షులూ అక్కడ. మంచాల వెనక ఉత్త ఆకాశం, నీళ్లు, అంతే. రాకెట్ ఆకారం మంచం లోపల పరుపు మామూలు కొలత పట్టదు, ప్రత్యేకంగా చేయించాలి, పన్నెండేళ్లకి కాళ్లు బయటికొస్తాయి. కొందామన్నా ఎవరూ కొనరు. స్థలం కోసం ఒకదానిమీద ఒకటి మంచం అని మీ వారు అన్నారట. ఆరేళ్ల లోపు పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టకూడదు, ఫ్యాను రెక్క అందే గదిలో అసలే వద్దు. పాప ఎక్కదు అనుకుంటాం గానీ, అన్న ఎక్కాడంటే ఎక్కుతుంది.

చెక్క పని చేయిస్తే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అచ్చు, అంటే తడికి తట్టుకునే మెరైన్ ప్లై గుర్తు, ఉందో లేదో చూడండి, మన చెమ్మకి మామూలు కమర్షియల్ ప్లై ఉబ్బుతుంది. చెదల మందు కొట్టించండి. కొత్త చెక్క, జిగురు వాసన పోయేదాకా రెండు మూడు వారాలు కిటికీలు తెరిచి ఉంచి, ఆ తర్వాతే పిల్లల్ని పడుకోబెట్టండి. పుస్తకాల అల్మరా ఎంత పొట్టిదైనా గోడకి బిగించాల్సిందే, పిల్లలు దాన్ని నిచ్చెన అనుకుంటారు. ప్లగ్గులు షట్టర్ ఉన్నవి, మెయిన్‌లో షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి. ఇవి ఎలక్ట్రీషియన్‌కి చెప్తే తెలుసు. లైటు విషయానికి నీలం స్ట్రిప్పులు వద్దు, రాత్రికి పసుపు వెలుతురు, నేల దగ్గర ఒక చిన్న బల్బు.

రాసుకోడానికి బ్లాక్‌బోర్డు పెయింటు అడిగారు. నాకది ఇష్టం లేదు, ఏడాదికి బూడిద మచ్చ అవుతుంది. మార్కాపురం నుంచి పలకరాయి తెప్పించండి. మనం చదువుకున్న పలకలు చేసిన రాయే. ఒక వైపు నునుపు చేసిన రెండు మూడు బండలు వరసగా, పాప చెయ్యి అందే ఎత్తులో, కింద చెక్క పట్టీ కట్టి బిగిస్తే చాలు. బరువుంటుంది, గోడకి ఊరికే జిగురుతో అంటించనివ్వొద్దు. దాని మీద సుద్ద కన్నా పలకబలపమే మేలు, పొడి తక్కువ.

మిగతా థీమ్ అంతా తీసి మార్చగలిగే వాటిలో పెట్టండి: దుప్పట్లు, కర్టెన్లు, దిండు గలీబులు. కర్టెన్ తాళ్లు వేలాడనివ్వకండి. షార్‌లో జనం చూడ్డానికి 2019 నుంచి గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాలి. ఈసారి ప్రయోగానికి పోయినప్పుడు తీసిన ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి పెట్టండి. రేపు బాబుకి క్రికెట్ పిచ్చి పడితే దుప్పటి మారుతుంది, ఫొటో మారుతుంది. రాకెట్ వద్దంటే అర లీటరు ఆకాశం రంగు, ఒక మధ్యాహ్నం పని. పక్షుల్ని మాత్రం చెరపరు, ఎత్తు గీతలు వాటి పక్కనే ఉన్నాయి గదా.

ఇంటీరియర్ వాళ్లకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నారు, ఈ వారం ఇవ్వకండి. ఈ రాత్రికి తూర్పు కిటికీ కింద ఒకటి, పడమర గోడకి ఒకటి పాలిథిన్ ముక్కలు అంటించండి. ఎల్లుండి తీసి ఏ వైపు చెమట పట్టిందో రాయండి, గోడ వైపా, గది వైపా. గది వైపు అయితే అది గది గాలిలోని తడి, భయం లేదు. గోడ వైపు అయితే మీ పైఫ్లాటు వాళ్ల బాత్రూము ఎక్కడుందో కూడా కనుక్కుని రాయండి.